బల్లపరుపు కొండకు నేను గీసిన నిండు గీత

నాకు ఫోన్ చేసే పిల్లలు మొదట అడిగేది ఒకటే. "ఆంటీ, జియాలజీలో జాబ్స్ ఉన్నాయా?" ఉన్నాయంటే రెండో ప్రశ్న పీఆర్ గురించి, అంటే కెనడాలో స్థిరపడే అనుమతి గురించి. మూడో ప్రశ్న దాకా వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు, "అసలు మీరేం చేసేవారు ఆంటీ?" అని అడుగుతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మొదటి రెండు ప్రశ్నలకు నా దగ్గరున్న జవాబులు ఎప్పుడో పాతబడిపోయాయి.

నేను చేసింది పటాలు గీయడం. ముప్పై ఏళ్ల పైచిలుకు ఒక ప్రభుత్వ సర్వే ఆఫీసులో పనిచేశాను. ఆఫీసు వాంకూవర్‌లో, పని బ్రిటిష్ కొలంబియా ఉత్తర కొసన. ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నడిచి చూసి, కాగితం మీద గీత గీయాలి. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి వచ్చాయి, రానివాటి గురించి మావారు ఇప్పటికే విని విని అలిసిపోయారు. పీఆర్ ఫారాల గురించీ రాయను. ఒక కొండ గురించి, ఒక గీత గురించి, నా పొరపాటును పట్టుకున్న ఒక అమ్మాయి గురించి రాస్తాను.

ఉద్యోగం అసలు రూపం

బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు జియాలజిస్టంటే సుత్తి పట్టుకుని హుందాగా నిలబడే మనిషి అనుకునేదాన్ని. ఉత్తరాన నా మొదటి వేసవిలో సుత్తి కంటే ఎక్కువసేపు చేతిలో ఉన్నది దోమల మందు సీసా. హెలికాప్టర్ ఎక్కేముందు మనల్నీ మన సంచినీ కలిపి తూస్తారు. పైలట్ ఆ అంకె అందరికీ వినపడేలా చదువుతాడు. సిగ్గుపడే వీలుండదు. దించి వెళ్లిపోయాక నాలుగు గుడారాలు, బోలెడు వాన, చుట్టూ ఎలుగుబంట్లు. వాసన వచ్చేదేదైనా ఎలుగుబంటి తెరవలేని ఇనుప డబ్బాలో దాచాలి. మొదటి ఏడాది నా ఆవకాయ జాడీని గుడారంలో పెట్టుకుని పడుకున్నందుకు క్యాంపు మొత్తం నన్ను తిట్టింది. ఆ తిట్లు న్యాయమైనవే.

రోజుకు ఎనిమిది గంటలు నడక. మధ్యలో ఆగి చూడటం, కొలవడం, రాయడం. తడిసినా చిరగని కాగితంతో చేసిన పసుపు అట్ట పుస్తకం ఒకటి ఇస్తారు. అందులో పెన్సిల్‌తోనే రాయాలి. దానికి ఒక నియమం ఉంది: రాసింది రబ్బరుతో చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన కొత్తది రాయాలి. పాతదీ కనబడాలి. ఎందుకంటే మొదట చూసింది తప్పని మనం అనుకున్నదే తప్పు కావచ్చు. ఈ నియమం నేర్పింది నా మొదటి బాస్ డగ్. బక్కపలచని మనిషి, మాట పొదుపు. నా పుస్తకం పేజీలు తిప్పి, "బాగుంది" అనడానికి ఆయనకు రెండు వేసవులు పట్టింది.

రెండో నియమం కూడా ఆయన నేర్పిందే. పటంలో గీతలు మూడు రకాలు. నడిచి కళ్లారా చూసిన హద్దుకు నిండు గీత. దూరం నుంచి చూసి అంచనా కట్టిన దానికి ముక్కల గీత. మట్టి కిందో మంచు కిందో దాగిన దానికి చుక్కలు. "నీ కాళ్లు వెళ్లని చోట నీ గీత నిండుగా ఉండకూడదు," అనేవాడు. తలూపాను. తలూపడం మనకు బాగా వచ్చు.

మంచు కింద పుట్టిన కొండ

ఇప్పుడు కొండ గురించి. ఉత్తరాన కొన్ని కొండలు పైన కత్తితో కోసినట్టు చదునుగా ఉంటాయి. పక్కలు నిటారు, నెత్తి బల్లపరుపు. అక్కడి ఒక కొండ పేరు మీదుగా వీటన్నిటినీ టుయాలు అంటారు. ఇవి ఒకప్పటి అగ్నిపర్వతాలు. ఆ నేల మీద వందల మీటర్ల మందాన హిమానీనదం పరుచుకుని ఉన్న కాలంలో, ఆ మంచు అడుగున పేలినవి.

కింద నిప్పు, పైన మంచు. మంచు కరిగి, చుట్టూ మంచుగోడల మధ్య ఒక చెరువు తయారవుతుంది. లావా ఆ నీళ్లలోకి వస్తుంది. కాలే గాజుగ్లాసు మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో అదే అవుతుంది, ముక్కలు ముక్కలు. ఆ ముక్కలు పోగుపడి, పోగుపడి, చివరికి కుప్ప నీటి మట్టం దాటి పైకి లేస్తుంది. అక్కడి నుంచి వచ్చే లావాకు నీళ్లు తగలవు కాబట్టి పగలకుండా హాయిగా నలువైపులా పరుచుకుంటుంది. అందుకే నెత్తి చదును. వేల ఏళ్ల తర్వాత మంచంతా పోయింది, కొండ మిగిలింది.

ఈ కొండల పక్కన నిలబడి చూస్తే కింద గోధుమరంగు ముక్కల కుప్ప, పైన నల్లటి లావా మూత కనిపిస్తాయి. రెండూ కలిసే హద్దు ఆనాటి చెరువు నీటి మట్టం. నేను దాన్ని నీటిగీత అనేదాన్ని. అది ఎంత ఎత్తున ఉంటే మంచు కనీసం అంత మందం ఉన్నట్టు. ఇప్పుడు లేని మంచును కొలవడానికి మాకున్న కొలబద్ద అదే. వాతావరణం లెక్కలు వేసేవాళ్లు మా పటాల నుంచి ఆ అంకె తీసుకుంటారు. కాబట్టి ఆ గీత తప్పయితే దాని మీద కట్టుకున్న వాళ్ల లెక్కలన్నీ తప్పవుతాయి.

నేను "తెలుసు" అన్న రోజు

క్యాంపుకు నన్ను నాయకురాలిని చేసిన మొదటి వేసవిలో నాకు అప్పగించిన కొండ ఇది. దానికి పేరు లేదు, మా కాగితాల్లో ఒక నంబరు. ఉత్తరం, పడమర, దక్షిణం పక్కలు నడిచాం. నీటిగీత మూడు పక్కలా ఒకే ఎత్తున ఉంది. తూర్పు పక్కకు వెళ్దామనుకునే సరికి మబ్బు దిగింది. తొమ్మిది రోజులు కదల్లేదు. పదో రోజు ఒక్క గంట తెరిపిచ్చింది. దక్షిణపు భుజం మీద నుంచి బైనాక్యులర్స్‌తో తూర్పు చూశాను. పైన మూత ఉంది, దాని కింద నీటిగీత ఉన్నట్టే ఉంది. ఇంకా చాలా కిందుగా ఒక నల్లటి గట్టు కూడా ఉంది. పైమూత నుంచి ఒక ముక్క విరిగి జారిపడిందనుకుని అలాగే రాసుకున్నాను. హెలికాప్టర్ వచ్చేసింది.

ఆఫీసులో ఆ పక్కను ముక్కల గీతతోనే గీశాను. ఇంతవరకు నేను సరిగ్గానే ఉన్నాను.

అప్పటికి డగ్ రిటైరయ్యాడు. కొత్త బాస్ చురుకైనవాడు, కానీ ఓపిక లేనివాడు. పటం అచ్చుకు పోయేముందు పెద్ద బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. ఆ గదిలో చీర కట్టడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అసలు ఆ గదిలో ఆడదాన్నే నేనొక్కదాన్ని. ఆయన తూర్పు పక్క మీద వేలు పెట్టి, "రూత్, ఇది నీకు తెలుసా, తెలియదా?" అన్నాడు.

నిజమైన జవాబు "తెలియదు, అనుకుంటున్నాను" అని. నా యాస విని రెండోసారి చెప్పమనే మనుషుల మధ్య ఆ జవాబు చెప్పడానికి నాకు భయమేసింది. తెలియదంటే వచ్చే వేసవి క్యాంపు ఇంకొకరికి ఇస్తారని భయం. "తెలుసు," అన్నాను. సాయంత్రానికి ముక్కల గీత నిండు గీత అయింది. పటం అచ్చయింది, మెచ్చుకున్నారు, అందరూ వాడారు. నేనూ కొన్నేళ్లకు ఆ సంగతి మర్చిపోయాను. తప్పు చేసిన రోజు గుర్తుంటుందనుకుంటాం గానీ, పని ఒత్తిడిలో అలా ఏమీ గుర్తుండదు.

వరదలా వచ్చిన పిల్లలు

నా ఉద్యోగం చివరి ఏళ్లలో మన పిల్లలు వరదలా వచ్చారు. టొరంటో పక్కన స్కార్‌బరోలో బస్సెక్కితే వెనక సీట్లన్నీ తెలుగే. బేస్‌మెంట్లలో ఐదుగురు, ఆరుగురు. ఏ కాలేజీకి ఫీజు కట్టారో ఆ కాలేజీ ఎక్కడుందో తెలియకుండా విమానం ఎక్కినవాళ్లనూ చూశాను. వాళ్లను నవ్వులాటకు తీసుకునే పాత కాపులు మన అసోసియేషన్లలో చాలామంది. నాకు ఆ నవ్వు నచ్చదు. మనం వచ్చిన రోజుల్లో మన తెలివి కూడా అంతంత మాత్రమే. కాకపోతే అప్పుడు చూసి నవ్వడానికి ఇంతమంది లేరు.

ఆ వరదలో వచ్చిందే స్రవంతి. కొత్తగూడెం పిల్ల, తండ్రి బొగ్గు గనిలో కార్మికుడు. విన్నిపెగ్‌లో ఒక యూనివర్సిటీలో మాస్టర్స్. పొద్దున కాఫీ షాపులో షిఫ్టు, తర్వాత ల్యాబ్. టుయాల మీద థీసిస్ చేస్తోందని వాళ్ల ప్రొఫెసర్ నన్ను కమిటీలోకి రమ్మన్నాడు. నా కొండనే ఇచ్చాడు. నా పటం ఆధారంగా మంచు మందం కొత్త పద్ధతిలో లెక్కగట్టాలి. రెండు వేసవులు నాతో ఫీల్డ్. నాకది రిటైర్‌మెంట్ ముందు చివరి పని.

మొదటిరోజు "మేడమ్" అంది. రెండోరోజు, క్యాంపులో నా పులిహోర తిన్నాక, "ఆంటీ" అంది. కొండెక్కడంలో మేకపిల్ల. కళ్లు చురుకు. ఎప్పుడూ ఎదురు చెప్పదు. ఆ గుణం చూసి నేను మురిసిపోయాను. కెనడా పిల్లలతో ముప్పై ఏళ్లు వాదించి విసిగినదాన్ని కదా, ఒద్దికైన పిల్ల దొరికిందని సంబరపడ్డాను.

చెరిపిన అంకె

రెండో వేసవి, క్యాంపు ముగియడానికి నాలుగు రోజులు ఉందనగా జరిగింది. ఆ రోజు స్రవంతి తూర్పు పక్కకు వెళ్లింది. ఒంటరిగా పంపం కాబట్టి రే తోడు వెళ్లాడు. రే ఆ ప్రాంతపు ఆదివాసీ మనిషి, అరవై దాటినవాడు, ఎలుగుబంట్లు రాకుండా మాకు కాపలా. నేను మోకాలి నొప్పితో క్యాంపులోనే ఉండిపోయాను.

భోజనాలయ్యాక అలవాటుగా ఆమె పసుపు పుస్తకం తెరిచాను. తూర్పు పక్క పేజీలో నీటిగీత ఎత్తు రాసి ఉంది. సరిగ్గా నా పటంలో ఉన్న అంకె, మీటరు అటూఇటూ కాకుండా. కానీ ఆ అంకె కింద కాగితం నలిగి మెరుస్తోంది. రబ్బరుతో రుద్దిన మరక. వెలుతురుకు పట్టి చూస్తే కింద ఇంకేవో అంకెల నొక్కు.

నాకు ఒళ్లు మండింది. ఇది అక్కడికి వెళ్లలేదు, ఏ గట్టు మీదో కూర్చుని ఏదో రాసి, నా పటం చూసి దిద్దుకుంది అనుకున్నాను.

"ఇదేంటి?" అన్నాను.

చూసింది. తల దించుకుంది.

"పుస్తకంలో చెరపకూడదని చెప్పానా లేదా? నా మ్యాప్ చూసి నంబర్ వేసేదానికి ఇంత దూరం ఎందుకొచ్చావ్? విన్నిపెగ్‌లో ఏసీ రూములో కూర్చుని వేసుకోవచ్చుగా!"

"సారీ ఆంటీ," అంది, నేలచూపులు చూస్తూ.

"ఇలాంటి దానికి నేను సంతకం పెట్టను. మీ ప్రొఫెసర్‌కి చెప్పేస్తా."

అప్పుడు ముఖం పాలిపోయింది. "ఆంటీ, నా స్టడీ పర్మిట్ డిసెంబర్ల అయిపోతది. ఈ టర్మ్ థీసిస్ డిఫెన్స్ కాకుంటే మస్తు కష్టమైతది. ప్లీజ్ ఆంటీ." అంతే. తను వెళ్లానని గానీ, వెళ్లలేదని గానీ చెప్పలేదు.

పెద్దవాళ్లు తిడుతుంటే మన పిల్ల తల దించుకుని సారీ అంటే అది నేరం ఒప్పుకున్నట్టు కాదని నాకంటే బాగా ఎవరికి తెలియాలి? నేనూ అలాగే పెరిగాను. కానీ ముప్పై ఏళ్లు ఈ దేశపు ఆఫీసుల్లో ఉండి, ఆ మౌనాన్ని ఇక్కడివాళ్లలాగే చదివాను. దోషం కాబట్టే మాట్లాడటం లేదనుకున్నాను.

పొద్దున్నే కాఫీ దగ్గర రే నాతో అన్నాడు, "నీ శిష్యురాలు నిన్న నన్ను ఆ తూర్పు గట్టు మీద రోజంతా నిలబెట్టింది. కొలిచిన చోటే మళ్లీ మళ్లీ కొలిచింది. నా మోకాళ్లు కూడా నీ మోకాళ్లయ్యాయి."

కాఫీ గ్లాసు పక్కన పెట్టాను.

తూర్పు పక్క

నొప్పి మాత్ర వేసుకుని ముగ్గురం బయల్దేరాం. నాలుగు గంటల నడక. దారిలో ఆ పిల్ల ఒక్కసారి కూడా నన్ను దాటి ముందుకు నడవలేదు. రాళ్లు దొర్లేచోట మాత్రం చెయ్యి అందించింది.

పైన నీటిగీత నా పటంలో ఉన్నచోటే ఉంది. దాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత స్రవంతి నన్ను కిందికి, ఆ నల్లగట్టు దగ్గరికి తీసుకెళ్లింది. నేను జారిపడ్డ ముక్క అని రాసిన గట్టు. జారిపడిన రాయి వెనక్కి ఒరిగి ఉంటుంది, పగుళ్లు బారి ఉంటుంది. ఇది ఎక్కడా ఒరగకుండా చదునుగా ఉంది. ఒంగి కింద చూశాను. పైన ఉన్నట్టే ఇక్కడా గోధుమరంగు ముక్కల పొరలు, వాటి మీద నల్లటి మూత, మధ్యలో స్పష్టమైన హద్దు. రెండో నీటిగీత. దాదాపు తొంభై మీటర్లు కిందుగా.

అర్థం కావడానికి నిమిషం పట్టలేదు. అగ్నిపర్వతం ఇంకా మండుతుండగానే తూర్పు వైపు మంచుగోడ ఎక్కడో తెగింది. చెరువు సగం ఖాళీ అయింది. ఆ తర్వాత వచ్చిన లావా కొత్త మట్టం మీద పరుచుకుంది. తూర్పున మంచు నేను అనుకున్నంత బలంగా లేదు. ఆ కొండలో అన్నిటికంటే గొప్ప సంగతి ఇదే, నేను చూడకుండా వదిలేసింది కూడా ఇదే.

అక్కడే రాయి మీద కూలబడ్డాను. "నిన్న నువ్వు మొదట రాసింది ఈ ఎత్తేనా?" అన్నాను.

"ఔ ఆంటీ."

"మరి ఎందుకు చెరిపావు?"

చాలాసేపు బూటు మొనతో గులకరాళ్లు కదిపింది. "మీరు గీసిన్రు కదా ఆంటీ. మీకంటే నాకెక్కువ తెలుసా? నేనే ఏదో తప్పు చూసిన అనుకున్నా. మీ మ్యాప్‌ల లైన్ సాలిడ్ ఉంది. డాష్‌లు ఉంటే అడిగేదాన్ని."

ఆ రోజు ఆ బల్ల దగ్గర నేను చెప్పిన ఒక్క అబద్ధం ఎక్కడికొచ్చి తగిలిందో చూశాను. సరిగ్గా చూసిన పిల్ల తన కళ్లను తనే నమ్మలేదు. నమ్మినందుకు కాదు, నమ్మనందుకు నా చేత తిట్లు తింది. ఆమె ముందే ఏడ్చాను. రే అటు తిరిగి ఎలుగుబంట్ల కోసం వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

మూడు వారాలు

ఇక్కడ ఆపేస్తే నేను మంచిదాన్నిగా మిగులుతాను. కానీ నిజం రాస్తానని మొదలుపెట్టాను.

వాంకూవర్ వచ్చాక నేను చేయాల్సింది ఒక పేజీ ఉత్తరం. తూర్పు పక్క నేను నడవలేదు, కింద ఉన్న రెండో మట్టం వదిలేశాను, నా పటం తప్పు, స్రవంతి కొలత సరైనది అని. అది లేకుండా, అచ్చయిన ప్రభుత్వ పటానికి ఎదురుగా ఒక స్టూడెంట్ మాట నిలబడదు. వాళ్ల ప్రొఫెసర్ ముందే చెప్పాడు, పటం గీసినావిడ ఒప్పుకుంటేనే మారుద్దాం, లేకపోతే ఉన్న గీతతోనే టైముకు పూర్తి చేద్దాం అని. అన్నీ నా చేతిలో ఉన్నాయి. మూడు వారాలు ఆ ఉత్తరం రాయలేదు.

రిటైరయ్యాక తీరిగ్గా ఒక పేపర్ రాస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. నన్ను సాగనంపే కేకు కోసే రోజుకి ముందు ఇదెందుకనుకున్నాను. మా చర్చిలో ప్రతి ఆదివారం అందరం కలిసి తప్పులు ఒప్పుకునే ప్రార్థన ఉంటుంది. ఆ మూడు ఆదివారాలు ఇంకా గట్టిగా చదివాను. నలుగురితో కలిసి ఒప్పుకోవడం సులువు. మావారు రోజూ అన్నం తినేటప్పుడు, "పంపావా?" అనేవారు. చివరికి అడగడం మానేశారు. అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నాలుగో వారం స్రవంతి నుంచి మెయిల్ వచ్చింది. తూర్పు పక్క అధ్యాయం పూర్తి చేసి పంపింది. కింద రెండు ముక్కలు: "ఆంటీ, మీరు ఇబ్బంది పడొద్దు. మీ మ్యాప్ ప్రకారమే రాశాను."

తెరిచి చూశాను. శుభ్రంగా రాసింది. నా తప్పు గీతను ఎంత చక్కగా సమర్థించిందంటే, నేనే నమ్మేదాన్ని. నన్ను కాపాడటానికి ఆ పిల్ల తన రెండు వేసవుల పనిని మళ్లీ రబ్బరుతో రుద్దేసింది. ఈసారి మాత్రం ఆ రబ్బరు ఇచ్చింది నేనే.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాశాను. మా ఆఫీసుకు ఒకటి, వాళ్ల ప్రొఫెసర్‌కు ఒకటి. తర్వాత ఆమెకు ఫోన్ చేసి, "ఆ చాప్టర్ చింపేసి, నువ్వు చూసింది రాయి," అన్నాను.

"థీసిస్ ఇచ్చేదానికి ఇంక ఐదు వారాలే ఉంది ఆంటీ."

"నా వల్ల మూడు పోయాయి. తెలుసు. లెక్కల్లో నేను కూర్చుంటాను నీతో, రోజూ."

కూర్చున్నాను. ఆమె షిఫ్టు అయ్యాక వీడియో కాల్‌లో ఇద్దరం ఒక్కో అంకె సరిచూసుకున్నాం. ఆఫీసులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఒకరిద్దరు కారిడార్‌లో కొంచెం తొందరగా నడిచి వెళ్లిపోయారు, అంతే. నేను భయపడిన దాంట్లో పదో వంతు కూడా జరగలేదు. దానికోసమా ఇన్నేళ్లు, ఇన్ని వారాలు అని సిగ్గేసింది.

విన్నిపెగ్‌లో ఒక ప్రశ్న

నవంబరు చివర విన్నిపెగ్ చలి ఎలాంటిదో అక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. డిఫెన్స్ కోసం, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష కోసం, నేను స్వయంగా వెళ్లాను. చిన్న గది, ఐదుగురం. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పేరున్నవాడు, ఎవరినీ ఊరికే వదలడని ప్రతీతి. కమిటీలో ఉన్నవాళ్లు అభ్యర్థి తరఫున జవాబు చెప్పకూడదని మొదటే గుర్తుచేశారు.

గంటసేపు బాగానే సాగింది. అప్పుడాయన థీసిస్ మూసి, కళ్లజోడు తీసి అన్నాడు, "అచ్చయిన పటంలో ఒకే మట్టం ఉంది. నువ్వు రెండంటున్నావు. ఆ పటం గీసినావిడ ఇక్కడే కూర్చుంది, ముప్పై ఏళ్ల అనుభవం. నీకు రెండు వేసవులు. నేను నిన్నెందుకు నమ్మాలి?"

స్రవంతి తన థీసిస్ తెరవబోయింది. ఆయనే మళ్లీ అన్నాడు, "ఆవిడ రాసిన ఉత్తరం చదివాను. విద్యార్థుల మీద దయతో పెద్దవాళ్లు రాసే ఉత్తరాలు నేను చాలా చూశాను. అది పక్కన పెట్టి చెప్పు."

ఆయన ప్రశ్న అన్యాయమైంది కాదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. "మేడమ్ ఒప్పుకున్నారు కదా" అని ఆ పిల్ల అంటే కథ ముగిసినట్టే. ఆయన అనుమానమే నిజమవుతుంది. ఆమె నాకేసి చూసింది. క్యాంపులో తల దించుకున్నప్పటి ముఖమే. నేను నోరు విప్పకూడదు. కళ్లతో కూడా ఏమీ చెప్పకూడదనుకుని, బల్ల మీదున్న నీళ్ల గ్లాసు చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె గొంతు వినిపించింది. ఇంగ్లీషులో, వణుకుతూ మొదలై, మెల్లగా నిలబడింది.

"ఆవిడ తూర్పు పక్క నడవలేదు. దూరం నుంచి చూసి ఊహించారు. నేను నడిచాను. నాలుగు చోట్ల కొలిచాను, నాలుగు చోట్లా పొరలు అతుక్కునే ఉన్నాయి, ఎక్కడా జారిన గుర్తు లేదు. ఆవిడకు నాకంటే చాలా ఎక్కువ తెలుసు. కానీ ఈ గీత గురించి ఆవిడ తప్పు, నేను ఒప్పు."

ఆయన ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. రెండింటికీ తడుముకోకుండా చెప్పింది. తర్వాత ఆమెను బయటికి పంపి మేం మాట్లాడుకున్నది పది నిమిషాలు. చిన్న చిన్న దిద్దుబాట్లతో పాస్. పర్మిట్ తేదీకి ముందే కాగితాలు పూర్తవుతాయి.

ఆ చెప్పే పని నాకు అప్పగించారు. తలుపు తీసి కారిడార్‌లోకి వెళ్లాను. స్రవంతి గోడకు ఆనుకుని, కోటు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. పాసయ్యావని చెప్పాను. వినిపించినట్టు లేదు. నా ముఖమే చూస్తోంది.

"ఆంటీ, అందరి ముందట అట్ల అన్న. కోపమొచ్చిందా?"

నొప్పి పుట్టిన మాట నిజం. ముప్పై ఏళ్ల మీద ఎవరో చెయ్యేసి పక్కకు జరిపినట్టయింది. ఆ పిల్లకు ఇంకో అబద్ధం చెప్పదలుచుకోలేదు.

"వచ్చింది," అన్నాను. "రేపు ఇంకెవరు అడిగినా, నేను పక్కనే ఉన్నా, అదే మాట చెప్పు."